నసీమా సోఫా మీద పిల్లిగోళ్లు

గోళ్లు చెక్కని గీకుతున్న చప్పుడు వినగానే ఆబిదా పొయ్యి సిమ్‌లో పెట్టి ముందుగదిలోకి పరుగెత్తింది. అత్తగారు గౌసియా స్నానానికి వెళ్లింది. బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగేలోపు ఏదో ఒకటి చెయ్యాలి.

బూడిదరంగు చారల పిల్లిపిల్ల సోఫా కాలుని రెండు ముంగాళ్లతో వాటేసుకుని, వెనక్కి సాగి ఒళ్లు విరుచుకుంటూ గీకుతోంది. ఆబిదా దాన్ని లాగి చంకన పెట్టుకుంది. అది ఉన్నచోట పాలిష్ లేచిపోయి టేకు చెక్క మీద సన్నటి తెల్లగీతలు కనిపించాయి. దుపట్టా కొసతో తుడిచింది, పోలేదు. వంటగదిలోకి పోయి కొబ్బరినూనె చుక్క వేలికి అద్దుకొచ్చి రుద్దితే కొంచెం కలిసిపోయాయి. పిల్లిపిల్ల మాత్రం చంకలో గుర్రుమంటూ హాయిగా కళ్లు మూసుకుంది.

ఆ ఇంటికి ఆబిదా కోడలిగా వచ్చాక గడిచింది ఒక్క వానాకాలమే. బందరు పరాసుపేటలో వెనకవైపు పెరడున్న రెండు గదుల ఇల్లది. ఆమె పుట్టి పెరిగింది గుడివాడలో. తండ్రి టైలరు. బడి నుంచి రాగానే ఆయన మిషను పక్కన కూర్చుని కాజాలు కుట్టేది. రైసుమిల్లులో మెకానిక్కుగా చేసే వాజిద్‌కిచ్చి పెళ్లి చేస్తే, కూతురు షీబాకి ఇంకా మాటలు సరిగ్గా రాకముందే అతను కామెర్లతో చనిపోయాడు. ఆ తర్వాత అన్నగారింట్లో ఒక గది మూల, ఒక కుట్టుమిషను. వదిన చెడ్డదేం కాదు. కాకపోతే గ్లాసు పగిలినా, కుళాయి కారినా, ఆమె నోట ముందు వచ్చే మాట ఒక్కటే: "ఎవరు చేశారు?" అది వినీ వినీ ఆబిదా చప్పుడు లేకుండా బతకడం నేర్చుకుంది. కూతురికీ అదే నేర్పింది. షీబా ఆడుకునేటప్పుడు కూడా గొంతు పెంచేది కాదు.

నదీమ్ సంబంధం వచ్చినప్పుడు ఆబిదా అడిగింది ఒక్కటే, పిల్లని తనతోపాటు రానిస్తారా అని. "రాకుండా ఎక్కడుంటుందండీ?" అని నదీమ్ పెద్దవాళ్ల ముందే ఆశ్చర్యపోయాడు. అతను ఐసు ఫ్యాక్టరీ నుంచి గిలకలదిండి హార్బరుకి వ్యాను తోలేవాడు. అప్పుడప్పుడూ దివిసీమ వైపు, నాగాయలంక దాకా లోడు వేసుకెళ్లేవాడు. మాట తక్కువ. మొదటి భార్య నసీమా జ్వరంతో పోయి కొన్నేళ్లయింది. పిల్లలు లేరు.

నసీమా వెళ్లిపోయినా ఆమె సోఫా ఆ ఇంట్లోనే ఉంది. దాన్ని ఆమె తండ్రి హిదాయతుల్లా స్వయంగా చేశాడు. ఆయన వడ్రంగి. ముగ్గురు కూర్చునే పెద్ద సోఫా, దానికి జతగా రెండు కుర్చీలు, అంతా టేకు. మెత్తల గలీబులు మాత్రం నసీమా కుట్టుకుంది. నీలం గుడ్డ మీద తెల్లదారంతో మల్లెతీగలు. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక హిదాయతుల్లా ఆ ఇంటికి వచ్చేవాడు. సోఫాలో కుడివైపు చివర కూర్చుని, గౌసియాతో పాత సంగతులు నాలుగు మాట్లాడి, టీ తాగి లేచేవాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చెయ్యి పక్కనున్న మెత్త మీద ఒక పువ్వుని తడుముతూనే ఉండేది. ఆబిదాని చూస్తే "బాగున్నావా అమ్మా" అనేవాడు. జవాబు వినడానికి తల ఎత్తేవాడు కాదు.

అలాంటి ఇంట్లోకి ఈ పిల్లిపిల్ల వచ్చింది. తెచ్చింది షీబా కాదు, నదీమే. హార్బరులో ఐసు దించుతుంటే వ్యానులో గోనెసంచుల వెనక వణుకుతూ కనపడిందట. కొత్త ఇంటికొచ్చి ఇన్నాళ్లయినా షీబా అతనితో అవును, కాదు తప్ప మూడో మాట మాట్లాడలేదు. ఆ రోజు అతని చొక్కా గుండీల మధ్య నుంచి ఆ చారల తల బయటికి రాగానే, "అబ్బా, ఇది ఎవరిది?" అని అడిగింది. అతన్ని 'అబ్బా' అని, నాన్నా అన్నట్టుగా, పిలవడం అదే మొదలు. నదీమ్ దాన్ని పిల్ల ముందుకి చాపాడు. "నీదేనమ్మా," అన్నాడు.

చేతుల్లోకి తీసుకోగానే అది పడవ మోటారులా గుర్రుమంది. షీబా దానికి ఇంజిన్ అని పేరు పెట్టింది.

గౌసియా మొదటిరోజే చెప్పేసింది. "పాలు పోసుకోండి, పక్కలో పెట్టుకోండి, నాకేం లేదు. ఆ సోఫా జోలికొస్తే మాత్రం ఊరుకోను. పెద్దాయన చూశాడంటే నేనాయనకి మొహమెట్లా చూపించాలి?"

ఇంజిన్ మరుసటి రోజే సోఫా జోలికెళ్లింది.

ఆబిదా చెయ్యని ప్రయత్నం లేదు. పేపరు చుట్టి నేల మీద కొట్టి బెదిరించింది. అది పారిపోయి, ఆమె అటు తిరగ్గానే మళ్లీ వచ్చేది. ఎవరో చెప్పారని బత్తాయి తొక్కలు సోఫా కాళ్ల దగ్గర పెట్టింది. ఇంజిన్ వాటితో కాసేపు ఆడుకుని వెళ్లి గీక్కుంది. కారం నీళ్లు చల్లుదామని గిన్నెలో కలుపుతుంటే షీబా వచ్చి ఆ గిన్నె వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆబిదా ఆ నీళ్లు తూములో పారబోసింది. చివరికి పాత దుప్పటి చింపి కాళ్లకి చుట్టింది. ఆ గుడ్డతో దాని గోళ్లకి ఇంకా బాగా పట్టు దొరికి, రెండు పూటలా గీకడం మొదలుపెట్టింది.

వీధిలో చేపలమ్మే ఎల్లమ్మ గుమ్మంలో తట్ట దించినప్పుడు ఈ గోడు విని పకపకా నవ్వింది. ఎల్లమ్మది గిలకలదిండి. ఆమె ఇంటి చుట్టూ ఎప్పుడూ పిల్లులే.

"దాన్ని గీకొద్దంటే ఎట్టాగమ్మా ఆబిదమ్మా? పెరిగే గోళ్లు. గీక్కోకపోతే దానికి నిద్దరట్టదు. దానికంటూ ఒకటియ్యి. సరుగుడు కర్రకి కొబ్బరితాడు గట్టిగా చుట్టి నిలబెట్టు. ఒళ్లు సాగదీసేంత ఎత్తుండాల. ఊగకూడదు, ఊగితే జడిసిపోద్ది. ఇంకోటి, మీ పెరట్లో కుప్పింటాకు మొక్కుందా? ఆ వేరు వాసనంటే పిల్లులకి పిచ్చి. పీకి ఆ తాడుకి రుద్దు. తర్వాత చూడు తమాషా."

నదీమ్ ఆ సాయంత్రమే సరుగుడు కర్ర తెచ్చి, అడుగున మందపాటి చెక్కకి మేకులు దిగ్గొట్టాడు. ఆబిదా, షీబా ఎదురెదురుగా కూర్చుని తాడు చుట్టారు. షీబా చుట్టుచుట్టుకీ పళ్లు బిగించి లాగుతుంటే నదీమ్ పక్కన నిలబడి, "ఇంకా లాగు, ఇంకా లాగు," అంటూ ఉత్సాహపరిచాడు.

కర్ర తయారయ్యాక గౌసియా దాన్ని ముందుగదిలో పెట్టనివ్వలేదు. "ఇల్లా, గొడ్లసావిడా? జుమ్మాకి మనిషొస్తే ఆ కర్రని చూస్తూ కూచోమంటావా? వెనక పెట్టుకోండి," అంది.

వెనక వరండాలో పెట్టారు. ఇంజిన్ ఆ కర్ర చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, ముందుగదిలోకి వెళ్లి సోఫా కాలు పట్టుకుంది.

"అది గీకేచోటే పెట్టాల," అంది ఎల్లమ్మ మళ్లీ వచ్చినప్పుడు. "అలవాటయ్యాక నెమ్మదిగా జరుపుకోవచ్చు. వెనకెక్కడో పెడితే దానికేం తెలుస్తది?"

ఆ మాట అత్తగారితో చెప్పాలని ఆబిదా రెండు మూడుసార్లు వంటగది గుమ్మం దాకా వచ్చింది. ఆమె మొహం చూసి వెనక్కి తగ్గింది. చెప్పి ఉంటే ఏమయ్యేదోనని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఒక గురువారం మధ్యాహ్నం గౌసియా లోపల నడుం వాల్చింది. ఆబిదా మిషను మీద జాకెట్టు కుడుతోంది. షీబా బడి నుంచి వచ్చి హోంవర్కు చేసుకుంటోంది. గోడ మీద నుంచి బల్లి ఒకటి సోఫా వీపు మీదకి జారింది. ఇంజిన్ ఎగిరింది. బల్లి దొరకలేదు. గోరు మాత్రం కుడివైపు మెత్త గలీబులో ఇరుక్కుంది. బెదిరిపోయి పిల్లి గింజుకునేసరికి, ఆబిదా అందుకునేలోపే పర్రుమని శబ్దం వచ్చింది.

ఆబిదా మెత్త చేతిలోకి తీసుకుంది. పువ్వు మధ్యలో దారాలు లేచిపోయి, నీలం గుడ్డ జానెడు మేర చిరిగింది. ఆమె చిరుగులు కుట్టే మనిషే. అతుకు కనపడకుండా కుట్టడం తెలుసు. కానీ ఆ తెల్లదారం ఏళ్ల తరబడి చేతులు తగిలి మీగడరంగుకి తిరిగింది. తన దగ్గరున్న దారాల్లో ఏది పెట్టి చూసినా కొత్తగా మెరుస్తోంది. పైగా అది ఆయన తడిమే పువ్వే.

లోపల మంచం కిర్రుమంది. ఆబిదా మెత్తని తిప్పేసి, చిరుగు లోపలికి పోయేట్టు సర్ది పెట్టింది. తల తిప్పితే షీబా పెన్సిలు పట్టుకుని తననే చూస్తోంది.

"దాదీకి చెప్పొద్దు," అంది ఆబిదా గుసగుసగా.

షీబా తల ఊపింది. ఆ ఊపడంలో ఏ ఆశ్చర్యమూ లేదు.

శుక్రవారం పొద్దుట ఆమె గుమ్మం ఊడుస్తూ వీధి వైపే చూసింది. ఆయన రాకపోతే బాగుండుననుకుంది, వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. ఇంజిన్‌ని వెనక వరండాలో తలుపేసి ఉంచింది. మసీదు నుంచి జనం తిరిగొస్తున్న మాటలు వీధిలో వినపడ్డాయి. కాసేపటికి గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడు.

హిదాయతుల్లా ఎప్పటిలాగే కుడివైపు చివర కూర్చున్నాడు. గౌసియా చేపల రేట్ల గురించి ఏదో మొదలుపెట్టింది. ఆబిదా టీ గ్లాసుల పళ్లెంతో వంటగది గుమ్మంలో ఆగిపోయింది. ఆయన చెయ్యి దానంతటది మెత్త మీదకి వెళ్లింది. ఒకసారి తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది. ఆయన మాట వినడం మానేసి, తల వంచి చూశాడు. ఖాళీ నీలం గుడ్డ. మెత్తని రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు.

గౌసియా మాట మధ్యలో ఆగిపోయింది.

"ఇదెప్పుడైంది?" అన్నాడాయన. గొంతు పెద్దగా లేదు.

గౌసియా కోడలి వైపు చూసింది. ఆబిదా పళ్లెంలో గ్లాసుల వైపు చూసింది.

"నేనే తాతా," అంది షీబా. ఎప్పుడొచ్చిందో, తలుపు పక్కన నిలబడి ఉంది. "కత్తెరతో ఆడుకుంటుంటే తెగింది."

ఆయన చిరుగు అంచుని వేలితో తడిమాడు. పిల్ల మొహం చూశాడు. "కత్తెర కాదమ్మా ఇది," అన్నాడు. మెత్తని పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచి వెళ్లిపోయాడు. టీ పళ్లెం ఆబిదా చేతుల్లోనే ఉంది.

ఆ తర్వాత గౌసియా అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ పిల్లి రేపటికి ఈ ఇంట్లో ఉండకూడదు," అంది నెమ్మదిగా. "ఎవరు తెచ్చిపెట్టుకున్నవి వాళ్లు అదుపులో పెట్టుకోవాలి. లేకపోతే ఎక్కడివక్కడ ఉండాలి."

నదీమ్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తల్లి చెప్పిందంతా నిలబడే విన్నాడు. ఆబిదా వైపు ఒకసారి చూశాడు. ఆమె ఏమైనా అంటుందేమోనని కాసేపు ఆగాడు. ఆమె అనలేదు. అతను వ్యానులోంచి థర్మోకోల్ పెట్టె తెచ్చి మూతకి చీలతో కన్నాలు పొడవడం మొదలుపెట్టాడు. "పొద్దున్నే నాగాయలంక లోడుంది," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. "రేవులో యలమంద ఉంటాడు, మంచివాడే. ఆయనకప్పగిస్తా. అక్కడ చేపలకేం లోటుండదు దానికి."

షీబా ఏడవలేదు. ఇంజిన్‌ని తనే తెచ్చి పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత పిల్ల కనపడలేదు. ఆబిదా వెతుక్కుంటూ వెనకగదిలోకి వెళ్తే, పిల్ల మంచం మీద కూర్చుని స్కూలు బ్యాగులోంచి పుస్తకాలు తీసి పక్కన పేర్చి, వాటి బదులు గౌన్లు మడతపెట్టి సర్దుతోంది.

"ఏంటే ఇది?"

"పుస్తకాలు ఇక్కడి స్కూలువి కదమ్మీ. గుడివాడలో పనికిరావు," అంది షీబా తలెత్తకుండా. "మనం ఎప్పుడెళ్లాలి? నేను అబద్ధం కూడా చెప్పాను. పైగా దొరికిపోయాను."

ఆబిదా పిల్ల పక్కన కూలబడింది. మెత్త తిప్పినప్పుడు షీబా తల ఊపిన తీరే కళ్లముందు కనపడుతోంది. అంత చిన్నపిల్లకి ఆ తల ఊపడం నేర్పింది వదిన కాదు, అత్తగారు కాదు, తనే. ఆమె లేచి మొహం కడుక్కుని, ముందుగదిలోకొచ్చి మెత్తని చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికి?" అంది గౌసియా.

"మామూ వాళ్లింటికి." నదీమ్ ఆయన్ని అలాగే పిలుస్తాడు. ఆబిదా ఆ పిలుపు వాడటం అదే మొదటిసారి.

"నీకేమైనా మతిపోయిందా? ఆ మనిషి అసలే..."

ఆబిదా అప్పటికే మెట్లు దిగింది.

హిదాయతుల్లా ఇల్లు రెండు వీధులవతల. ముందున్న రేకులషెడ్డు ఒకప్పుడు ఆయన పనిచేసుకున్న చోటు. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశాడు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి కూర్చోమనలేదు.

"చింపింది పిల్లండీ," అంది ఆబిదా నిలబడే. "తిప్పి పెట్టింది నేను. నా కూతురు అబద్ధం చెప్పింది నన్ను చూసే. ఆ మాట మీకు చెప్పాలని వచ్చాను."

"ఎందుకు తిప్పావు?"

"భయమేసి."

"నన్ను చూసా?"

"మిమ్మల్ని చూసి కాదండీ. ఏం చెప్పను... ఏది విరిగినా, ఏది చిరిగినా, మమ్మల్ని పొమ్మంటారేమోనని. ఇక్కడనే కాదు, ఎక్కడున్నా అంతే నాకు."

ఆయన ఒకసారి తల ఎత్తి ఆమెని చూశాడు. ఇన్ని శుక్రవారాల్లో అలా చూడటం అదే మొదలు.

"ప్రతి జుమ్మాకీ వచ్చి నేనేం చూస్తానో తెలుసా నీకు?" అన్నాడు. "ఇవాళ ఏది తీసేశారా అని చూస్తా. మొదట అద్దం పోయింది. తర్వాత దాని కుట్టుబుట్ట పోయింది. వాకిట్లో కరివేపాకు కుండీ ఉండేది, అదీ పోయింది. ఇవాళ ఆ పువ్వు చేతికి తగలకపోయేసరికి, సరే, దీన్ని కూడా బోర్లా తిప్పేశారు, ఇంక నాకా ఇంట్లో పనేముంది అనుకున్నా."

"కరివేపాకు పారెయ్యలేదండీ," అంది ఆబిదా. "కుండీలో వేరు పట్టక ఎండిపోతుంటే తీసి పెరట్లో నాటాను."

షెడ్డు రేకుల మీద కాకి ఒకటి నడుస్తున్న చప్పుడు వినపడింది.

"బతికిందా?"

"నా నడుమెత్తయింది. రోజూ కూరలోకి అదే కోస్తాను."

ఆయన చెయ్యి చాపాడు. ఆబిదా మెత్త ఇచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని చిరుగుని దగ్గరికి లాగి చూశాడు. అంచులు కలవలేదు.

"పిల్లినేం చేస్తున్నారు?"

"పొద్దున్న నాగాయలంక పంపించేస్తున్నారు."

"నాకు పిల్లులంటే పడదు," అన్నాడాయన. ఆయన ఆగి, మళ్లీ అన్నాడు. "చెక్క సంగతి వేరమ్మా. అది కూచోడానికి చేశాను. వాడుకుంటే గీతలు పడతాయి, మళ్లీ రుద్దుకోవచ్చు. ఈ గుడ్డ అట్లా కాదు. ఇది మళ్లీ రాదు. గలీబులన్నీ విప్పి నాకు తెచ్చియ్యి. ఆ ఇంట్లో ఉంచి, మీరు భయపడుతూ, నేను కాపలా కాస్తూ, ఎందుకొచ్చింది ఇదంతా?"

"ఇవి తీసేసుకుంటే ఇంక మా ఇంటికి రారా?"

ఆయన మెత్త మీద గలీబుని తనే విప్పి, లోపలి దూది మెత్తని ఆమెకి ఇచ్చేశాడు.

ఆబిదా ఇంటికొచ్చేసరికి అందరూ ముందుగదిలోనే ఉన్నారు. పెట్టెలోంచి ఇంజిన్ సన్నగా అరుస్తోంది. ఆమె సోఫా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మిగిలిన గలీబులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"ఏంటా పని?" అంది గౌసియా లేచి.

"మామూ ఇమ్మన్నారు. తన దగ్గర ఉంచుకుంటారట. చెక్క మీద గీతలు పడితే పర్వాలేదన్నారు." ఆబిదా చేతికి గుండీలు సరిగ్గా ఊడిరావడం లేదు. అయినా ఆపలేదు. "అత్తమ్మా, పిల్లిని పంపొద్దు. షీబా లోపల బ్యాగు సర్దుకుంటోంది. పిల్లి తర్వాత తననే పంపేస్తారనుకుంటోంది. ఆ పెట్టె గడప దాటిందంటే పిల్ల ఈ ఇంట్లో జన్మంతా చుట్టంలాగే బతుకుద్ది. నేనట్లా బతికాను. దానికొద్దు."

గౌసియా కొడుకు వైపు చూసింది. నదీమ్ తల దించుకోలేదు.

"బ్యాగు సర్దుకోవడమేంటి?" అంది గౌసియా. "పిల్లి గురించి అన్నాను గానీ, పిల్ల గురించి నేనెప్పుడన్నాను?"

"మీరు 'ఎక్కడివక్కడ ఉండాలి' అన్నారత్తమ్మా. తను వింది."

గౌసియా వెనకగది వైపు రెండు అడుగులు వేసి, గుమ్మంలోంచి లోపలికి చూసి, అక్కడే నిలబడిపోయింది. అప్పుడే సాయంత్రం నమాజుకి పిలిచే మగ్రిబ్ అజాన్ వినపడింది. ఆమె కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

నదీమ్ ఆగలేదు. పెట్టె మూత తీసి ఇంజిన్‌ని భుజం మీద వేసుకున్నాడు. ఇంకో చేత్తో వెనక వరండాలోంచి తాడు కర్ర తెచ్చి, సోఫా కుడి కాలు పక్కన నిలబెట్టాడు. గౌసియా నమాజు ముగించుకొచ్చి ఆ కర్రని చూసింది. దాని చుట్టూ తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. "షీబా," అని పిలిచింది. "పుస్తకాలు తెచ్చుకో. హోంవర్కు ఇక్కడ నా ముందు చెయ్యి."

మర్నాడు ఆబిదా పెరట్లో కుప్పింటాకు మొక్క వేరు పీకి, కడిగి, నలిపి తాడుకి రుద్దింది. ఇంజిన్ వచ్చి వాసన చూసి, తల రుద్ది, పొర్లి, కర్రని నాలుగు కాళ్లతో వాటేసుకుని పిచ్చెక్కినట్టు గీకింది. గౌసియా నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొన్నాళ్లు అది కర్రనీ గీకింది, సోఫానీ గీకింది. సోఫా దగ్గర కనపడినప్పుడల్లా షీబా దాన్ని తిట్టకుండా ఎత్తుకొచ్చి కర్ర దగ్గర దించేది. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ గోటి కొస మాత్రం ఎలా కత్తిరించాలో చూపించింది. ఎర్రగా కనపడే చోటు దాకా వెళ్లొద్దని, కత్తిరించినా గీకడం మానదని చెప్పింది. అది సోఫాని మరిచిపోయాక కర్రని రోజుకి కాస్త చొప్పున కిటికీ వైపు జరిపారు. అలా సోఫాని వదిలేసినా, ఇంటికి చుట్టాలొచ్చిన రోజున మాత్రం అది తప్పకుండా సోఫా దగ్గరకే వెళ్లేది.

గలీబులన్నీ అందాక హిదాయతుల్లా ఆ తర్వాతి శుక్రవారం రాలేదు. దాని తర్వాతిదీ రాలేదు. గౌసియా జుమ్మా అయ్యే వేళకి గుమ్మంలోనే కూర్చునేది. ఆబిదా టీ కాచి, చల్లారాక పారబోసేది. ఈ ఇంటికి రావడానికి ఆయనకి ఉన్న ఒక్క దారీ తానే మూసేశానా అని ఆమెకి దిగులు పట్టుకుంది. నదీమ్ వెళ్లి చూసొచ్చి, "బాగానే ఉన్నాడు, వస్తాడులే," అని మాత్రం అన్నాడు.

ఆయన వచ్చింది శుక్రవారం కాదు, మామూలు రోజు. ఉప్పుకాగితం చుట్ట ఒకటి చేతిలో ఉంది. ఆబిదా కుట్టిన ముదురాకుపచ్చ గలీబుల మీద ఎప్పటి చోటనే కూర్చున్నాడు. మెత్త మీద చెయ్యి పెట్టి, తీసి, ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. తర్వాత వంగి సోఫా కాలు మీద గీతల్ని బొటనవేలితో చూశాడు.

"ఇప్పుడు రుద్దినా దండగ. ఆ దొంగది కాస్త పెద్దదయ్యాక చూద్దాం," అన్నాడు. ఇంజిన్ వచ్చి పాదాలు వాసన చూడబోతే కాళ్లు రెండూ పైకి ఎత్తేశాడు. "తీసెయ్యండి దీన్ని!"

షీబా నవ్వుతూ పరుగున వచ్చింది. ఆ నవ్వు వీధిలోకి వినపడేంత గట్టిగా ఉంది. ఆబిదా పిల్లని ఊరుకోమనబోయి, మానుకుంది.

ఆకుపచ్చ గలీబులు చూసి పక్కింటివాళ్లు తమకీ కావాలన్నారు. వాళ్లని చూసి ఇంకొకళ్లు అడిగారు. నదీమ్ ఐసు లోడుతో వెళ్లొచ్చే దారిలో, మోపిదేవి గుడి దగ్గర టిఫిన్ హోటలు నడిపే అంకమ్మరావు గారు బెంచీల మీదికి మెత్తలు కుట్టిస్తానని కబురు పెట్టారు. కొలతలు తీసుకోవడానికి ఆబిదా ఒక ఆదివారం వ్యానులో బయల్దేరింది. షీబాని ఇంట్లో దాదీ దగ్గర వదిలి ఊరు దాటడం అదే మొదటిసారి.

చల్లపల్లి దాటాక రెండువైపులా పచ్చటి వరిచేలు మొదలయ్యాయి. నదీమ్ ఆమె వైపు చూశాడు.

"ఇంటికి ఫోన్ చెయ్యవా? షీబాని వదిలొచ్చాక ఒక్కసారీ చెయ్యలేదు."

"చేస్తాలెండి," అంది ఆబిదా. ఒళ్లో ఉన్న కొలత టేపు చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. "ముందు కొలతల పని కానివ్వండి."